జిన్నారం బస్సులో ఇటలీ మిఠాయి

ఈ ప్రయాణానికి కారణం ఒక వీడియో. శుక్రవారం పొద్దున మా మేనకోడలు శిరీష నా ఫోన్‌కు పంపింది. అందులో ఇటలీ దేశపు ముసలామె ఒకామె బిస్కెట్లు విరిచి, వెన్న, చక్కెర, కోకో పొడి కలిపి, ముద్ద చేసి, బొంగులాగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. తరువాత బయటికి తీసి చక్రాలుగా కోసింది. మొత్తం వీడియోలో పొయ్యి ఎక్కడా కనిపించలేదు. దాని కింద శిరీష ఒక్క ముక్క రాసింది: "మామా, గిది తినబుద్దయితున్నది."

ఇందులో వింతేముందనుకునే పాఠకుల కోసం నాలుగు మాటలు. శిరీష నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక మా ఇంట్లోనే పెరిగింది. పెళ్ళి చేసి జిన్నారం అవతలి ఊరికి పంపింది మేమే కాబట్టి దానికి తల్లిగారిల్లంటే మా ఇల్లే. ఇప్పుడు కడుపుతో ఉంది, నాలుగో నెల. మూడు వారాలుగా ఏది తిన్నా అరగంటలో బయటికొచ్చేస్తోంది. తాలింపు వాసన పడదు, అన్నం ఉడికే వాసన పడదు, ఆ ఊరి చుట్టూ ఉన్న మందుల కంపెనీల మీదుగా వచ్చే గాలి అసలే పడదు. పోయిన ఏడు ఒకసారి నిలిచిన కడుపు మూడో నెలలో పోయింది. ఈసారి డాక్టరమ్మ బరువు చూసి, సోమవారం దాకా ఆగుదాం, తిన్నది నిలవకపోతే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాలి అన్నది. అలాంటి పిల్ల నోరు తెరిచి ఒకటి తినాలని ఉందన్నది. అది ఇటలీదైతే ఏమి, ఇస్నాపూర్‌దైతే ఏమి.

నా పేరు నర్సింలు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్ళలో వంటింట్లో నేను చేసిన పని నీళ్ళు తాగడం. అందుకని వీడియో తీసుకెళ్ళి మా ఆవిడ అనసూయకు చూపించాను.

"పొయ్యి ముట్టియ్యకుండ మిఠాయేంది?" అన్నది.

"ఇటలీల గట్లనే చేస్తరట."

"నాకు ఇటలీ తెల్వదు. మేనమామవు నువ్వు, అడిగింది నిన్ను. నువ్వే చెయ్యి," అని చేట తీసుకొని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం బజారుకు వెళ్ళాను. కోకో పొడి, కేకుల సామాన్లు అమ్మే దుకాణంలో దొరికింది. దుకాణం అబ్బాయి "కేకు చేస్తున్నారా అంకుల్?" అని అడిగాడు. కాదన్నాను. "మరేంది?" అన్నాడు. ఇటలీ మిఠాయి అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి పొట్లం కట్టాడు.

బిస్కెట్ల దగ్గర అనసూయ ఒక సలహా ఇచ్చి పంపింది. "ఎట్లయినా ఇరగ్గొట్టేటియే గదా. కొత్త పాకెట్లెందుకు, ఇరిగినయే తే." మా దిక్కు బిస్కెట్ కంపెనీల్లో విరిగిన సరుకు సంచుల్లో బయటికొచ్చి బజారులో కిలో లెక్కన అమ్ముడుపోతుంది. సలహా బాగానే ఉంది. ఇంటికి తెచ్చి పళ్ళెంలో పోసి చూస్తే అందులో అన్ని కులాలూ ఉన్నాయి: మేరీలు, గ్లూకోజువి, క్రీము ఊడినవి, జీలకర్రవి. ఇటలీ ముసలామె జీలకర్ర గురించి ఏమీ చెప్పలేదు. కళ్ళద్దాలు పెట్టుకొని జీలకర్ర ముక్కలు ఏరుతూ కూర్చుంటే పొద్దు వాలింది. ఏరినవి పారెయ్యలేక నేనే తిన్నాను.

వెన్న మెత్తబడే దాకా ఆగాలని వీడియోలో రాసి ఉంది. ఏప్రిల్ నెలలో సంగారెడ్డిలో వెన్నకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. పొట్లం విప్పి చక్కెర డబ్బా తెచ్చేలోగా అది గిన్నెలో పాయసంలా కుదురుకుంది. ముసలామె ఒక పచ్చి గుడ్డు కూడా కొట్టి పోసింది. కడుపుతో ఉన్న పిల్లకు అది నాకు నచ్చలేదు. బదులుగా ఇన్ని పాలు పోశాను. ఆమె వేసిన పప్పు పేరు తెలియదు, నేను బాదం వేశాను. అంతా కలిపి చేత్తో పిసికాను. మోచేతి దాకా నల్లబడింది.

చుట్టడం దగ్గర కష్టమైంది. మొదటి బొంగు పామును పోలింది, నడుమ మింగిన ఎలుకతో సహా. రెండోది బాగా వచ్చింది. రెండింటినీ ప్లాస్టిక్ కవర్లలో బిగించి, కొసలకు దారం కట్టి, ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె పక్కన పడుకోబెట్టాను. ఏడింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ తలుపు ఎవరూ తియ్యొద్దని ఇంట్లో ప్రకటించాను. ఇంట్లో ఉన్నది అనసూయ ఒక్కతే. "నీళ్ళు?" అన్నది. కుండ చూపించాను.

శనివారం పొద్దున లేచి చూస్తే రెండూ గట్టిపడ్డాయి. పైన చక్కెర పొడి పూసి, ఎలుక మింగినదాన్ని కొస కోసి నోట్లో వేసుకున్నాను. బాగుంది. అంటే చల్లగా, తియ్యగా, వాసన లేకుండా ఉంది. నాకు కావలసింది ఆ మూడోదే. ముక్కు దగ్గర పెట్టుకొని మళ్ళీ మళ్ళీ పీల్చాను. ఫ్రిజ్‌లోంచి వచ్చిన చల్లదనం తప్ప ఏమీ తగల్లేదు. తాలింపు లేదు, నెయ్యి లేదు, పొగ లేదు. ఇది నిలుస్తుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

రెండింటినీ మళ్ళీ కవర్లలో చుట్టాను. ఇక దీన్ని చల్లగా చేర్చాలి. మా వీధి మందుల దుకాణం ఆయన ఇంజెక్షన్లు వచ్చే తెల్లటి థర్మాకోల్ డబ్బా ఒకటి, నీలం రంగు జెల్లు సంచులు రెండు ఇచ్చాడు. ముందు రోజే వాటిని మంచుగడ్డలు పెట్టే అరలో పడేశాను. డబ్బా మీద "మందులు, చల్లగా ఉంచవలెను" అని ఎర్రటి కాగితం అంటించి ఉంది. అనసూయ గడపలో నిలబడి చూసింది. "పెండ్లికి పోతూ పిల్లిని సంకల పెట్టుకొని పోయినట్టు, గీ ఎండల గా ఐసు డబ్బ పట్టుకొని బస్సులెక్కుతవా?" అన్నది. ఆటో మాట్లాడుకుంటే పోయేది. కానీ నేను బస్సు మనిషిని.

తొమ్మిదింబావుకు బస్టాండులో పటాన్‌చెరు బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి మగవాడికి సీటు దొరకడం మధ్యాహ్నం దాకా కలే. నేను దాన్ని తప్పు పట్టను. ముప్పై ఏళ్ళు వాళ్ళను నిలబెట్టి తీసుకెళ్ళినవాణ్ని. డబ్బా ఎత్తి పట్టుకొని నిలబడితే, నీలం కోటు వేసుకున్న ఒక కంపెనీ అమ్మాయి ఎర్ర కాగితం చదివి గబుక్కున లేచింది.

"కూసోండ్రి సార్. టీకాలా?"

"కాదమ్మా. మిఠాయి."

ఆమె కొంచెం ఆలోచించింది. "షుగరోళ్ళకా?" అని అడిగింది.

విషయం చెప్పాను. చెప్పకుండా సీటు తీసుకోవడం నా వృత్తికి తగదు. అంతా విని, "కడుపుతోని ఉన్నామెకైతే మందే లెండ్రి," అని తన సీటు వెనక్కి తీసుకోలేదు. కంది దగ్గర పెద్ద కాలేజీ పిల్లలు సంచులతో దిగిపోయాక ఆమెకు వేరే సీటు దొరికింది. రుద్రారంలో ఎక్కినవాళ్ళు ఇస్నాపూర్‌లో దిగారు, ఇస్నాపూర్‌లో ఎక్కినవాళ్ళు ఎక్కడా దిగలేదు. నేను డబ్బా మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. లోపల చల్లగా ఉందో లేదో పైనుంచి తెలియదు. అయినా చెయ్యి తియ్యలేకపోయాను.

పదిన్నరకు ముందే పటాన్‌చెరు చేరాం. జిన్నారం బస్సు పదకొండుకు అన్నారు. ఈ మాట ఒకప్పుడు నేనూ చాలామందికి చెప్పాను కాబట్టి పదకొండున్నరలోపు రాదని అర్థం చేసుకున్నాను. చాయ్ తాగి, బెంచీ కింద నీడ చూసి డబ్బా పెట్టి, మూత కొంచెం ఎత్తి చూశాను. జెల్లు సంచులు మెత్తబడ్డాయి. వేలితో నొక్కితే నీళ్ళ సంచిలా కదిలాయి. మిఠాయి ఇంకా గట్టిగానే ఉంది, కానీ పైన పూసిన చక్కెర పొడి అక్కడక్కడా చెమర్చింది.

ఐసు కోసం బయల్దేరాను. మొదట దొరికింది చేపలమ్మే ఆమె. అడగ్గానే రెండు పిడికిళ్ళు తీసి, "పైసలొద్దన్నా, పట్టుకపో," అన్నది. మంచి మనిషి. కానీ ఆ ఐసు రవ్వు చేప పొట్ట కింద పొద్దుటి నుంచి ఉంది. వాసన లేకుండా ఇంత దూరం తెచ్చినదాన్ని చేపల మధ్య పడుకోబెట్టలేను. దండం పెట్టి ముందుకు నడిచాను. చెరుకు రసం బండి ఆయన రసం తాగితేనే ఐసు ఇస్తానన్నాడు. రెండు గ్లాసులు తాగాను. ఆయన రెండు గ్లాసుల ఐసూ కవర్లో పోసిచ్చాడు.

తిరిగొచ్చేసరికి బెంచీ మీద ఒడిశా కుర్రాడొకడు, బకెట్టు, చాప, దిండుతో కూర్చొని నా డబ్బాకు కాపలా కాస్తున్నాడు. అలా కాయమని నేను చెప్పలేదు.

"చాచా, ఇస్‌మే దవాయి హై క్యా?"

"నై బేటా, మిఠాయి."

"మిఠాయి కో ఇత్నా బరఫ్?" మిఠాయికి ఇంత ఐసా అని వాడి వింత.

నా దఖ్ఖనీ హిందీలో, వాడి ఒడియా హిందీలో సంగతి మొత్తం పంచుకున్నాం. వాడి భార్య కూడా ఊళ్ళో కడుపుతో ఉందట. ఏం తింటోందని అడిగాను. కాలిన మట్టి కుండ పెంకు కొరుకుతోందని, ఇంట్లో వాళ్ళు తిడుతున్నారని చెప్పాడు. తిట్టొద్దని చెప్పమన్నాను. బొల్లారంలో కొత్త పనిలో చేరడానికి పోతున్నాడు.

బస్సు పావు తక్కువ పన్నెండుకు వచ్చింది. కండక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. టికెట్ మిషను మీద వేళ్ళు చకచకా ఆడించింది. మా కాలంలో టికెట్లు చింపేటప్పుడు ఉండే అందం ఇందులో లేదు, కానీ చిల్లర విషయంలో ఆమె నాకన్నా మర్యాదస్తురాలు. డబ్బా చూసి, "తాతా, గది ఇంజన్ మీద పెట్టు," అన్నది.

ఇంజన్ మీద పెట్టడమంటే ఏమిటో ఎక్కినవాళ్ళకు తెలుసు. అక్కడ కోడిగుడ్డు పెడితే జిన్నారం వచ్చేసరికి తినొచ్చు. కుదరదన్నాను.

"మరి ఒళ్ళె పెట్టుకుంటే పక్కోళ్ళు యాడ కూసోవాలె?"

పక్కన ఆకుకూరల గంప ఖాళీ చేసుకొని పోతున్న ముసలవ్వ కలగజేసుకున్నది. "ఉండనియ్యి బిడ్డా. ఇటు జరుపయ్యా, నా ఒళ్ళె సగం పెట్టు." పెట్టాను. ఆమె రెండు చేతులూ డబ్బా చుట్టూ వేసి, చెంప ఆనించి, "సల్లగున్నది," అని కళ్ళు మూసుకున్నది. ఆమె ఒంటి వేడి లోపలికి పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఎండన పడి అమ్ముకొచ్చిన మనిషిని చెంప తియ్యమని ఎలా అంటాను. కాసేపటికి గురక వినిపించింది.

బొల్లారం దాటాక గాలి మారింది. బస్సులో ఆడవాళ్ళంతా మాటలు ఆపకుండానే కొంగులు, చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ముసలవ్వ నిద్రలోనే కొంగు లాక్కున్నది. కండక్టరమ్మ ఒక చేత్తో ముక్కు మూసుకొని ఇంకో చేత్తో టికెట్లు కొట్టింది. కుళ్ళిన కోడిగుడ్డు, గోళ్ళరంగు, కాలిన రబ్బరు కలిపినట్టుండే ఆ వాసన మా అందరికీ అలవాటే. శిరీష దీన్ని రాత్రింబవళ్ళు కడుపులో బిడ్డతో పీలుస్తోందని గుర్తొచ్చింది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. డబ్బాను కొంచెం దగ్గరికి లాక్కున్నాను.

ఒంటిగంట ప్రాంతంలో దిగి, రోడ్డు నుంచి ఊళ్ళోకి నడిచాను. ఇప్పుడు మా వియ్యపురాలు బాలమణి గురించి చెప్పాలి. శిరీష అత్తగారు. భర్త లేడు. ఉన్న పొలంలో పత్తి వేస్తుంది, కొడుకు మహేశ్ మందుల కంపెనీలో షిఫ్టులకు పోతాడు. మాట గట్టిది. మా అనసూయ ఆమె ముందు గొంతు తగ్గిస్తుంది, అంటే సామాన్యురాలు కాదు. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. నేను ఆడపిల్ల వైపు వాణ్ని, నాకు కయ్యం హక్కు లేదు.

ఇంటి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సందుల్లో పాత చీర ముక్కలు కుక్కి ఉన్నాయి. అరుగు మీద మంచం, దాని మీద దుప్పటి.

"రా అన్నా. కాళ్ళు కడుక్కో," అన్నది బాలమణి. "చాయ్ జెర లేటయితది. పొయ్యి ఎన్క కొట్టంల ఉన్నది."

"కొట్టంలనా?"

"మూడు వారాలాయె, ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. పిల్లకు వాసన పడ్తలేదు గదా. మహేశ్ గూడ గా అరుగు మీదనే పంటుండు. వాని బట్టలకు కంపెనీ వాసన ఉంటదని."

వచ్చే దారిలో నేను ఈమెతో అనవలసిన మాటలు కొన్ని కూడగట్టుకున్నాను. పిల్లను సరిగ్గా చూసుకుంటున్నారా లేదా అన్న ధోరణిలో ఉన్నాయవి. చెంబు నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంటూ వాటినీ అక్కడే వదిలేశాను.

శిరీష లోపలి గదిలో, గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నన్ను చూసి లేచి కూర్చున్నది. చేతి గాజులు మోచేతి దాకా జారాయి. 

"తెచ్చినవా మామా?"

"తెచ్చిన బిడ్డా. నేనే చేసిన."

"నువ్వా?" అని నవ్వింది. నవ్వగానే ఆయాసపడింది.

డబ్బా మూత తీశాను. చెరుకు బండి ఐసు నీళ్ళయింది గానీ మిఠాయి గట్టిగానే నిలిచింది. మూడు బస్టాపుల్లో, రెండు బస్సుల్లో, ఒక ముసలవ్వ ఒళ్ళో నిలిచింది. కత్తి అడిగాను. బాలమణి కత్తి తేలేదు. వంగి, వేలితో బొంగును తాకి చూసింది.

"గింత సల్లగున్నదేంది? దేంతోటి చేసినవన్నా?"

చెప్పాను. ఎంతసేపు ఉడికిందని అడిగింది. ఉడకలేదన్నాను. పొయ్యి మీద పెట్టలేదా అన్నది. ఇదసలు పొయ్యి మీద పెట్టేది కాదన్నాను.

ఆమె డబ్బా రెండు చేతులా ఎత్తుకొని వెనక కొట్టంలోకి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. అప్పటికే బొంగులు రెండూ కవర్లు విప్పి గిన్నెలో వేసి పొయ్యి మీద పెడుతోంది. పత్తి కట్టెలు చిటపటమన్నాయి.

"చెల్లె, ఆగు. గది సల్లగనే తినాలె. వాసన రాకుండ ఉండాలెననే గిట్ల తెచ్చిన."

ముప్పై ఏళ్ళలో కొన్ని వేలమందితో చిల్లర గురించి, లగేజీ గురించి గొంతు చించుకున్నవాణ్ని. ఇంత మెత్తగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె గంటె తిప్పుతూనే ఉంది. నా వైపు చూడలేదు.

"పోయినసారి నేనే పెట్టిన అన్నా. ఎండకు తాళ్తలేదని ఐసుక్రీం డబ్బ తెచ్చి నా చేత్తోటే తినవెట్టిన. పొద్దుగాల్లకు గట్లయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది. నాకు గా డబ్బనే కండ్లల్ల మెదుల్తది." ముక్కు చీదింది. "ఉడకందీ, సల్లందీ ఇగ ఈ ఇంట్ల పిల్లకు పెట్ట. నువ్వు కోపం చేసినా సరే."

కోపం చెయ్యలేదు. గడ్డివాము నీడన కూర్చొని, నేను శుక్రవారం మధ్యాహ్నం నుంచి చేసినదంతా గిన్నెలో కూలిపోవడం చూశాను. ముందు చక్కెర పొడి కరిగింది. తరువాత పక్కలు జారాయి. ఎలుక మింగినది ముందు పడిపోయింది, బాగా వచ్చినది కాసేపు నిలబడి తరువాత పడిపోయింది. నల్లటి చిక్కటి జావలో బిస్కెట్ ముక్కలు తేలాయి. బాలమణి అంతటితో ఆగలేదు. ఉడకడమంటే ఉడకడమే, బుడగలు రావాలి. బుడగలు వచ్చేసరికి కోకో, వెన్న, పాలు కలిసిన వాసన కొట్టమంతా నిండింది. బర్రె తల తిప్పి చూసింది. గాలి ఇంటి వైపే వీస్తోంది. నేను లేచి నిలబడ్డాను. ఈ వాసన లోపలికి పోతే పిల్ల పొద్దుట తాగిన నీళ్ళు కూడా కక్కుతుంది. నేను అనబోయిన మాట బాలమణికీ తట్టినట్టుంది, గబగబా మూత పెట్టింది.

అప్పుడు కిటికీ రెక్క తెరుచుకున్న చప్పుడైంది. సందులోంచి చీర ముక్క కింద పడింది. శిరీష మొహం బయటికి పెట్టింది.

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. బంద్ చేస్త. లోపల పో, కిటికీ ఏసుకో."

"మూత తియ్యి."

"ఏందే?"

"మూత తియ్యి అత్తమ్మా. గా వాసన రానియ్యి."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బాలమణి మూత తీసింది. శిరీష కిటికీ ఊచలు పట్టుకొని, కళ్ళు మూసుకొని, గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. మూడు వారాలుగా ముక్కు మూసుకొని బతుకుతున్న పిల్ల అది. "కంపెనీ వాసన పోయింది," అన్నది. ఆ మాట మామూలుగానే అన్నది.

నాకు అప్పుడు అర్థమైంది. నేను వాసన లేనిదాన్ని తెచ్చాను. వాసన లేనిది తింటూ కూడా ఆ గాలినే పీల్చాలి కదా. చల్లటి ముక్క నోట్లో పెట్టుకున్నా ముక్కులో కంపెనీయే ఉండేది. ఆ గాలిని గెంటేసేంత గట్టి వాసన ఇంకొకటి ఆ ఇంట్లో పుట్టాలి. బాలమణి దాన్ని తెలియక పుట్టించింది. నేను తెలిసి ఆపబోయాను.

స్టీలు గిన్నెలో పోసి ఇచ్చింది. శిరీష కిటికీ పక్కన కూర్చొని, గిన్నెను ముక్కు దగ్గరే పట్టుకొని, ఊదుకుంటూ తిన్నది. ఇటలీ ముసలామె చూస్తే ఏమనేదో తెలియదు. సంగారెడ్డి నుంచి చల్లగా మోసుకొచ్చినదాన్ని మా పిల్ల పొగలు కక్కుతుండగా తిన్నది. గిన్నెడు కాదు, నాలుగైదు చెంచాలు. నాకు అదే గిన్నెడు.

తినడం ఒకటి, నిలవడం ఒకటి. అరగంట చూడాలి. నేనూ బాలమణీ చెరో వైపు నిలబడి దాని గొంతు వైపే చూస్తున్నాం. అది మింగినప్పుడల్లా మేమూ మింగుతున్నాం. చివరికి బాలమణి నన్ను వాకిట్లోకి పిలిచింది.

"అన్నా, ఇద్దరం గిట్ల మొఖం మీద మొఖం పెట్టి సూస్తే తిన్నది ఆగదు. పటాన్‌చెరు బస్సు యాళ్లయింది. నువ్వు పో."

"ఫోన్ చేస్తవా?"

"చేస్త."

"ఎట్లయినా చెయ్యి. కక్కినా సరే, చెప్పు."

"చేస్తనంటి గదా."

రోడ్డు మీదికి వచ్చేసరికి అదే బస్సు తిరిగొచ్చింది, అదే కండక్టరమ్మ. "డబ్బ యాడ వాయె తాతా?" అన్నది. ఇచ్చేసి వచ్చానన్నాను. సీటు దొరికింది. ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చున్నాను. ఈ దారిలో కంపెనీల గోడలు తప్ప చూడదగ్గవి ఏమీ లేవు. ఈ ప్రయాణం చెయ్యదలచినవారికి చెప్పగలిగింది కొంతే ఉంది. వేసవిలో బస్సులు ఆలస్యమవుతాయి. చెరుకు రసం ఒక గ్లాసు చాలు. విరిగిన బిస్కెట్లు కొంటే చూసి కొనాలి. ఐసు అవసరం లేదు. మిఠాయిని ఎలా పట్టుకెళ్ళాలో మనకు తెలుసనుకుంటాం, ఇంకో ఇంట్లో ఇంకో మనిషికి ఇంకొకటి తెలిసి ఉంటుంది. ఇవన్నీ ఆ అరగంటలో ఆలోచించినవే. అరగంట దాటింది. ఫోన్ మోగలేదు. గంట కావొస్తోంది. కక్కేసి ఉంటుంది, చెప్పడానికి బాలమణికి నోరు రాక ఊరుకుని ఉంటుంది అనుకున్నాను. సోమవారం ఆసుపత్రికి ఏ బస్సులో వెళ్ళాలో లెక్కేసుకోవడం మొదలుపెట్టాను.

బొల్లారంలో ఫోన్ మోగింది. బాలమణి. ఎత్తాను. ఏడుపు వినిపించింది. పెద్ద మనిషి ఏడుపు. 

"చెల్లె, చెప్పు. ఏమైంది?"

"నిలిచింది అన్నా," అన్నది. "గంటయింది, కడుపుల ఉన్నది. కక్కలే. ఇగో, మళ్ళ పెట్టుమని అడిగి తింటున్నది."

నేను ఏమన్నానో గుర్తు లేదు. బస్సు మొత్తం నా వైపు తిరిగింది కాబట్టి గట్టిగానే అని ఉంటాను. కండక్టరమ్మ వచ్చి, "ఏమైంది తాతా, ఎవరికేమైంది?" అని భుజం పట్టుకున్నది. మా మేనకోడలు తిన్నదమ్మా అన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ముందు సీటులోని ఆమె వెనక్కి తిరిగి, "ఎన్నో నెల?" అన్నది. నాలుగన్నాను. తాను బియ్యం బుక్కిందట, పక్కామె బలపాలు తిన్నదట. ఇంకొకామె నెల రోజులు ఉప్పు చింతపండు తప్ప ముట్టలేదట, ఆ పిల్లవాడే ఇప్పుడు పోలీసట.

"మాట్లాడు," అని బాలమణి ఫోన్ శిరీషకు ఇచ్చింది.

"మామా..." అన్నది. నోటి నిండా ఉంది.

"మాట్లాడకు బిడ్డా," అన్నాను. "తిను."

తిన్నది. ఫోన్ పెట్టెయ్యలేదు. చెంచా గిన్నెకు తగిలే చప్పుడు, ఆగడం, ఊదడం, మళ్ళీ చెంచా. చెవికి గట్టిగా ఆనించుకొని వింటూ కూర్చున్నాను. పటాన్‌చెరు వచ్చింది, అందరూ దిగిపోయారు. కండక్టరమ్మ "తాతా, దిగాలె," అని వచ్చింది. వేలెత్తి ఒక్క నిమిషం అన్నాను. ఆమె నా మొహం చూసి, మిషను ఒళ్ళో పెట్టుకొని, ఎదురు సీట్లో కూర్చున్నది. అవతల శిరీష గిన్నె అడుగు గీకుతోంది.